ధాత కఱవును సర్ రిచర్డు టెంపుల్ జీవితమును

తెలుగువారు కొన్ని ఉత్పాతములను అవి వచ్చిన యేటి పేరుతోనే స్మరింతురు. 1832–33 నాటి గుంటూరు క్షామమునకు నందన కఱవని పేరు. 1876–78 నాటి మహాక్షామమునకు ధాత కఱవని పేరు. ప్రభవాది షష్టిలో పదియవదైన ధాతృ నామ సంవత్సరమునందు వానలు తప్పుటచే ఆ పేరు కలిగినది. తమిళులును కన్నడిగులును సయితము దానిని ధాతు సంవత్సరపు కఱవనియే వ్యవహరించిరి. మూడు భాషల ప్రజలు ఒకే దుఃఖమునకు ఒకే పేరు పెట్టుకొనిరి. అయితే ఆనాటి ప్రభుత్వపు కాగితములు తిరుగవేసినచో మరియొక పేరు పదే పదే కనబడును. అది టెంపుల్ కూలి. కఱవుపనిలో మట్టి మోసిన మనుష్యునికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానిపై ఒక అణాయు చాలునని నిర్ణయించిన కొలతకు ఆ పేరు. ఈ వ్యాసము ఆ కొలతను నిర్ణయించిన అధికారి చరిత్రము.

భాషాసాహిత్యముల పరిశోధనకై వెలువడు సంచికలో ఒక ఆంగ్లేయాధికారి చరిత్ర మేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. కఱవునకు సంబంధించిన పదములు, సామెతలు, పాటలు మన దేశభాషలన్నిటియందును విస్తారముగా నున్నవి. వాని యర్థమును సరిగా గ్రహింపవలెనన్నచో అవి పుట్టిన పనిచోట్లను, గంజిశాలలను, వానిని నడపిన ఉత్తరువులను తెలిసికొనవలసి యుండును. అంతకు మించిన కారణము మరియొకటి కలదు. పని చేయగలవానికి పనియు, చేయలేనివానికి పోషణమును చూపుట రాజ్యమునకు విధియా, లేక దయాకార్యమా యను ప్రశ్న నేటికిని పూర్తిగా తీరలేదు. ఆ ప్రశ్నకు మూడేండ్ల వ్యవధిలో రెండు విరుద్ధములైన సమాధానముల నిచ్చినవాడు రిచర్డు టెంపుల్.

బాల్యము, ఉద్యోగారంభము

టెంపుల్ 1826 మార్చి 8వ తేదీన ఇంగ్లండునందలి వూస్టరు పట్టణ సమీపమున కెంప్సీ గ్రామములో ఒక భూస్వామి కుటుంబమున జన్మించెను. టామస్ ఆర్నల్డు ప్రధానోపాధ్యాయుడుగా నుండిన కాలమున రగ్బీ పాఠశాలలో చేరి, అటుపిమ్మట ఈస్టిండియా కంపెనీవారి హెయిలీబరీ కళాశాలలో చదివెను. 1846లో బంగాళా సివిలు ఉద్యోగమున ప్రవేశించెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువది యేండ్లు.

మొదట వాయవ్య పరగణాలలో పనిచేసి, పిదప పంజాబునకు బదిలీయై అచ్చట జాన్ లారెన్సు అభిమానమునకు పాత్రుడయ్యెను. కొత్తగా కంపెనీ యేలుబడిలోనికి వచ్చిన ఆ దేశపు పరిపాలనా నివేదికలను వ్రాయు భారము ఈ యువకునిపై పడెను. విశేష వేగముతో వ్రాయగలవాడనియు, చెప్పిన పనిని చెప్పిన గడువులోపల ముగింపగలవాడనియు ఆయనకు పేరు వచ్చెను. 1860లో జేమ్సు విల్సను భారత ప్రభుత్వమున మొదటి ఆర్థిక సభ్యుడుగా నున్నప్పుడు టెంపుల్ ఆయనకు సహాయకుడుగా నుండెను. ఈ విల్సనే లండనులోని ఎకనామిస్ట్ పత్రికను 1843లో స్థాపించినవాడు. పాఠకులు ఈ సంబంధమును జ్ఞప్తియం దుంచుకొందురు గాక. ఈ పత్రికయే తరువాత టెంపుల్ కథలో మరల ప్రవేశించును.

మధ్యపరగణాలు, హైదరాబాదు

1862 నుండి 1867 వఱకు టెంపుల్ మధ్యపరగణాలకు ప్రధాన కమీషనరుగా నుండెను. నాగపురము రాజధానిగా కొత్తగా నేర్పడిన ఆ రాష్ట్రములో హిందీ, మరాఠీ, గోండీ, తెలుగు మాట్లాడు జనులు కలిసియుండిరి. గోదావరి యొడ్డున నున్న సిరొంచ సీమ అందు చేరినదే. అప్పుడు నాగపురమున స్టీఫెన్ హిస్లాప్ అను మతప్రచారకుడు గోండుల భాషను, ఆచారములను, పాటలను శ్రద్ధతో సేకరించుచుండెను. ఆయన 1863లో ఏఱు దాటుచు మునిగిపోయి మరణించెను. చెల్లాచెదరుగా నుండిన ఆయన వ్రాతప్రతులను టెంపుల్ చేర్చి, సంస్కరించి, 1866లో ముద్రింపించెను. అందులోని పదపట్టికలును లింగో కథాగీతములును ద్రావిడభాషా పరిశోధకులకు నేటికిని ఆధారములు. పరిపాలకుడుగా ఆయన చేసిన పనులలో భాషావేత్తలు కృతజ్ఞతతో తలపవలసినది ఇది.

ఇచ్చట ఒక చిన్న పొరపాటును వారించుట మంచిది. పంజాబు కథాగేయములను సంపుటములుగా ప్రకటించి, ఇండియన్ ఆంటిక్వరీ పత్రికను 1892 మొదలు 1931 వఱకు నడపిన రిచర్డు కార్నాక్ టెంపుల్ వేఱు. ఆయన ఈయన కుమారుడు. పేరుల సామ్యముచే కొన్ని గ్రంథసూచికలలో తండ్రి రచనలు కుమారునికిని, కుమారుని రచనలు తండ్రికిని అంటగట్టబడుటకు అవకాశము కలదు.

1867లో టెంపుల్ హైదరాబాదు సంస్థానమునకు రెసిడెంటుగా వచ్చెను. సాలార్‌జంగు మంత్రిత్వమున పరిపాలన సంస్కరింపబడుచుండిన కాలమది. టెంపుల్ అచ్చట నున్నది స్వల్పకాలమే. అయినను దినచర్యను వ్రాసి యుంచెను. అది తరువాత 1887లో కాశ్మీరము, సిక్కిము, నేపాళముల దినచర్యలతో కలిసి ప్రకటింపబడెను. 1868లో భారత ప్రభుత్వమునకు విదేశాంగ కార్యదర్శియు, ఆ యేడే ఆర్థిక సభ్యుడును అయ్యెను. ఆరు సంవత్సరములు ఖజానా తాళములు ఆయన చేత నుండెను. రూపాయి యెట్లు వచ్చునో, యెట్లు పోవునో ఆయనకు తెలియని విషయము కాదు.

బీహారు : 1874

1866లో ఒరిస్సా దేశమున మహాక్షామము సంభవించి సుమారు పది లక్షల ప్రజలు నశించిరి. ధాన్యమును వర్తకులే తెత్తురని నమ్మి ప్రభుత్వము చేతులు ముడుచుకొని యుండెను. వానకాలము వచ్చిన పిమ్మట ఓడలు రేవు చేరలేకపోయెను. బండ్లు త్రోవలలో కదలలేకపోయెను. ఆ వైఫల్యముపై విచారణ సంఘము నియమింపబడి, అధికారుల ఉపేక్ష బయటపడెను. అప్పటినుండి మరల అట్టిది జరుగరాదను భయము ప్రభుత్వమును వెంటాడుచుండెను.

1873లో బీహారునందు వానలు ముందుగనే నిలిచిపోగా, రాజప్రతినిధి నార్త్‌బ్రూక్ టెంపులును అచ్చటికి పంపెను. 1874లో ఆయనయే బంగాళా లెఫ్టినెంటు గవర్నరయ్యెను. ఆయన చేసిన యేర్పాటులు అప్పటివఱకు కనివిని యెఱుగనివి. బర్మానుండి సుమారు నాలుగున్నర లక్షల టన్నుల బియ్యమును ప్రభుత్వమే కొని తెప్పించెను. ఓడలనుండి రైలునకు, రైలునుండి బండ్లకు, బండ్లనుండి గ్రామముల కొట్లకు ఆ బియ్యము చేరెను. పని కోరిన వారికి ఊరికి దగ్గఱనే పని చూపిరి. కూలి ఉదారముగా నిచ్చిరి. ముసలివారికి, రోగులకు, పసిపిల్లల తల్లులకు ఇంటికడనే ధాన్యము కొలిచి యిచ్చిరి. పని చేయువాడు నిజముగా ఆకలిగొన్నవాడేనా యని పరీక్షించుటకు కఠిన నిబంధనలు పెట్టలేదు.

దాని ఫలితము స్పష్టము. ఆకలిచావులు దాదాపు లేకపోయెను. బ్రిటిషు పరిపాలనలో ఒక పెద్ద కఱవు ఇంత స్వల్పమైన ప్రాణనష్టముతో గడచుట అరుదు. కాని జనులు బ్రతికిరను సంగతి కంటె డబ్బు వ్యయమైనదను సంగతి లండనునందు ఎక్కువ చర్చకు వచ్చెను. తెచ్చిన బియ్యములో సుమారు లక్ష టన్నులు మిగిలిపోయెను. కఱవు అనుకొన్నంత తీవ్రము కాదనియు, ఖజానా దుబారా యయ్యెననియు విమర్శలు చెలరేగెను. ప్రజలను బ్రతికించుట ప్రభుత్వపు విధి యని భారతీయులు భావించునట్లు చేయుట ప్రమాదకరమని ఎకనామిస్ట్ పత్రిక ఆక్షేపించెను. ఒకనాడు తాను సేవించిన విల్సను పత్రికయే ఇట్లు వ్రాయుట టెంపులునకు మనస్తాపము కలిగింపక మానదు. జనులు చావకుండుటయే కఱవు లేకుండెననుటకు సాక్ష్యముగా చూపబడెను. రక్షణ సఫలమైనచో రక్షణము అనవసరమైనదని చెప్పు ఈ తర్కము తరువాతి కాలమునందును అనేక పర్యాయములు వినబడినది.

1876లో టెంపులునకు బారొనెట్ బిరుదము లభించెను. గౌరవము దక్కినను దుబారామనిషి యను నింద తొలగలేదు.

మద్రాసు : 1877

1876లో దక్షిణాదిన ఋతుపవనములు రెండును తప్పినవి. దత్తమండలములైన బళ్లారి, కడప, కర్నూలు జిల్లాలును, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు మొదలగునవియు ముందుగా దెబ్బతినెను. అప్పటికి మద్రాసు నుండి రాయచూరు వఱకు రైలుమార్గ మేర్పడి యుండెను. కడప, గుత్తి, ఆదోని స్టేషనులలో ధాన్యపు బస్తాలు దిగుచుండెను. కాని జొన్న, కొఱ్ఱ పండించుకొని తినెడి మెట్ట రైతునకును, వాని చేలో కూలి చేయు మాలమాదిగలకును చేత కాసు లేదు. గింజ అంగడిలో నున్నది. దానిని కొను శక్తి జనునియందు లేదు. కఱవనగా కేవలము ధాన్యాభావము కాదనియు, ధాన్యమును పొందు సాధనము లేకపోవుట యనియు ఆ స్టేషనులే చాటినవి.

మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు ప్రభుత్వము ఊళ్లకు దగ్గఱగా చిన్న చిన్న పనులను విరివిగా తెఱచెను. ఒక వర్తక సంస్థ ద్వారా రహస్యముగా 30,000 టన్నుల ధాన్యము కొనుటకు గూడ పూనుకొనెను. భారత ప్రభుత్వమున కిది రుచింపలేదు. 1877 జనవరి 1వ తేదీన విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించు దర్బారు ఢిల్లీలో మహావైభవముగా జరిగెను. ఆ వేడుకలు ముగియగనే రాజప్రతినిధి లిట్టన్ టెంపులును క్షామ ప్రతినిధిగా దక్షిణమునకు పంపెను. ఆయనకు ఒప్పగింపబడిన ముఖ్యకార్యము పొదుపు. బీహారులోని వ్యయము మరల జరుగరాదు.

పొదుపునకు టెంపులును ఎన్నుకొనుటలో ఒక గడుసుదన మున్నది. దుబారా నింద మోసినవాడే దానిని తుడిచికొనుటకు ఎక్కువ ఆతురపడును. టెంపుల్ గుఱ్ఱముమీదను రైలుమీదను జిల్లాలన్నియు వేగముగా చుట్టివచ్చెను. పనిచోట్లలో నున్న జనము అవసరమునకు మించి యున్నదనియు, కూలి అధికముగా నున్నదనియు నిర్ణయించెను. చిన్న పనులను తగ్గించి, ఇంజనీర్ల పర్యవేక్షణలో నుండు పెద్ద పనులకే జనులను పంపవలెననెను. ఊరికి దూరముగా పోయి, శిబిరములో నుండి, కఠినమైన పని చేయుట కిష్టపడినవాడే నిజమైన కఱవుపీడితుడని ఆయన మతము. దీనికి పరీక్ష యని పేరు. ఈ పరీక్షలవలన లక్షలకొలది జనులు పనినుండి తొలగింపబడిరి.

కూలిని గూర్చిన నిర్ణయము అన్నిటికంటె ఘోరమైనది. అంతకుముందు మద్రాసులో పురుషునకు ఒకటిన్నర పౌను ధాన్యపు లెక్కను కూలి యిచ్చుచుండిరి. టెంపుల్ దానిని ఒక పౌనునకు తగ్గించి, ఉప్పు, మిరప, కట్టెలు మొదలగువానికి ఒక అణా చేర్చెను. స్త్రీలకును పిల్లలకును అంతకంటె తక్కువ. ఒక పౌననగా సుమారు 450 గ్రాములు. అంత బియ్యమువలన నేటి పోషకశాస్త్రపు లెక్క చొప్పున సుమారు 1,600 కెలోరీల శక్తి లభించును. కూర్చుండిన మనుష్యునికే అది చాలీచాలని తిండి. ఆకలితో ఎండిపోయి, మైళ్లు నడచి వచ్చి, ఎండలో మట్టి త్రవ్వువానికి అది యెట్లు చాలును? మూడేండ్ల క్రితము బీహారులో ప్రాణరక్షణమునకు వ్యయము లెక్కింపని అధికారి ఇచ్చట వ్యయమునకు లోబడి ప్రాణము నిలుచునేమో చూడవలె ననెను.

కార్నిష్ చేసిన ప్రతిఘటన

ఈ కూలిని ముందుగా ఎదిరించినవాడు మద్రాసు ప్రభుత్వపు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు విలియం కార్నిష్. ఆయన వాదము వైద్యశాస్త్రమునకు చెందినదే గాని రాజకీయమునకు చెందినది కాదు. దేహమునకు విశ్రాంతిలో నొక పరిమాణపు ఆహారము వలయును. శ్రమలో దానికంటె ఎక్కువ వలయును. చెఱసాలలో పనిచేయు ఖైదీలకే ప్రభుత్వము ఇంతకంటె ఎక్కువ తిండి పెట్టుచుండగా, ఏ నేరమును చేయని కూలివానికి తక్కువ పెట్టుట యెట్లు న్యాయము? ధాన్యము మాత్రమే చాలదు. పప్పు, కూరగాయలు సయితము కావలెనని ఆయన పట్టుపట్టెను. పనిచోట్లలో జనుల యెముకలు తేలుటను, వాపులు పొడముటను, మరణములు పెరుగుటను లెక్కలతో చూపెను.

టెంపుల్ కార్నిష్ వాదమును అంగీకరింపలేదు. ఇద్దఱి నడుమ యాదాస్తుల యుద్ధము జరిగెను. ఈ యాదాస్తులను చదువునప్పుడు ఒక విషయము మనసునకు తట్టును. ఒక పౌను చాలునా, చాలదా యను ప్రశ్న అనుభవముతో తేల్చదగినది. ఆ అనుభవము మాత్రము కూలివారి దేహములమీద జరుగుచుండెను. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వము కార్నిష్ మాటను కొంతవఱకు పాటించి, పురుషునకు ఒకటింబావు పౌను ధాన్యమును, ఒకటిన్నర ఔన్సు పప్పును ఇచ్చుటకు నిర్ణయించెను. పాతకూలికిని టెంపుల్ కూలికిని ఇది మధ్యస్థమైన కొలత. అప్పటికే బలహీనులైన వారికి ఆ పావు పౌను ఆలస్యముగా వచ్చెను.

బొంబాయి రాష్ట్రమున ప్రతిఘటన వేఱు రూపము దాల్చెను. అచ్చట 1877 మొదటి నెలలలో ఈ కూలి అమలులోనికి రాగా, సుమారు లక్షమంది పనివారు పనులు విడిచి వెళ్లిపోయిరి. ఆకలిగొన్నవారు తమకు దొఱకిన కొద్దిపాటి కూలిని కూడ నిరాకరించుట సామాన్యమైన విషయము కాదు. పూనా సార్వజనిక సభ వారి పక్షమున విజ్ఞప్తులు వ్రాసి, గ్రామములనుండి సమాచారము సేకరించి ప్రభుత్వమునకు పంపెను. కఱవుకూలిని దయగా గాక హక్కుగా నడిగిన మొదటి సామూహికోద్యమములలో నిది యొకటి. ఆ యేటి వేసవిలో టెంపుల్ ఆ బొంబాయి రాష్ట్రమునకే గవర్నరుగా వెళ్లెను.

1877 నైరృతి ఋతుపవనము కూడ ఆలస్యమయ్యెను. సెప్టెంబరు నాటికి మద్రాసు రాష్ట్రములో సహాయము పొందువారి సంఖ్య 20 లక్షలకు మించెను. పనికి రాలేనివారికి గ్రామాధికారుల ద్వారా కొంత రొక్కము పంచు పద్ధతి విస్తరించెను. కరణము పట్టికలో పేరు వ్రాసినవానికే డబ్బు, వ్రాయనివానికి లేదు. ఈ పద్ధతిలో మోసములు లేకపోలేదు. అయినను పనిచోటికి నడవలేని ముసలివానిని ఊరిలోనే బ్రతికించు మార్గ మదియొకటే. మద్రాసు టైమ్సు సంపాదకుడును సహాయసంఘపు కార్యదర్శియునైన విలియం డిగ్బీ ఈ కఱవు చరిత్రను రెండు సంపుటములుగా 1878లో ప్రకటించెను. టెంపుల్ కూలిని గూర్చి మనకు తెలిసిన దానిలో పెద్దభాగము ఆ గ్రంథమువలననే తెలిసినది.

ఆ కాలపు పనులలో నేటికిని కంటికి కనబడునది బకింగ్‌హామ్ కాలువ. తెలుగుదేశపు తీరమునుండి మద్రాసు మీదుగా దక్షిణమునకు పోవు ఆ జలమార్గములో కొంతభాగమును 1877–78లో కఱవుకూలీలే త్రవ్విరి. దానికి గవర్నరు పేరు నిలిచినది. త్రవ్వినవారి పేర్లు నిలువలేదు.

ప్రాణనష్టము ఎంత? బ్రిటిషు ఇండియాలో యాబది లక్షలకు మించి మరణించిరని తరువాతి విచారణ సంఘమే అంచనా వేసెను. కర్నూలు జిల్లాలో 1871 జనాభా 9,14,432 కాగా 1881 లెక్కలో 6,78,551 మాత్రమే తేలిరి. నలుగురిలో నొకడు లేడు. ఇందఱి మరణమునకు ఒక్క టెంపులును కారకునిగా చెప్పుట న్యాయము కాదు. వానలు తప్పుటయు, ధరలు మండుటయు, ధాన్యపు ఎగుమతి ఆగకుండుటయు, మశూచి, కలరా, జ్వరములు ప్రబలుటయు కారణములే. కాని ఆకలిచే క్షీణించిన దేహమునే రోగము త్వరగా కూల్చునను సత్యమును కార్నిష్ అప్పుడే చెప్పియుండెను. కూలి తగ్గించినవానికి ఆ మాట వినబడలేదనుటకు వీలులేదు.

విచారణ సంఘమును నిబంధనావళులును

ఇంత నష్టము జరిగిన పిమ్మట 1878లో రిచర్డు స్ట్రాచీ అధ్యక్షతను క్షామ విచారణ సంఘము నియమింపబడెను. 1880 నాటి దాని నివేదిక ఒక ముఖ్యమైన ధర్మమును అంగీకరించెను. కఱవుకాలమున ప్రజలను రక్షించుట ప్రభుత్వపు విధి. పని చేయగలవారికి పని. చేయలేనివారికి గ్రామములోనే ఉచిత పోషణము. కూలి ధాన్యపు ధరతోపాటు హెచ్చి తగ్గవలెను. పనివాడు ఆరోగ్యముతో నుండుటకు చాలవలెను. ఈ సూత్రములపై 1883 మొదలుకొని రాష్ట్రముల క్షామ నిబంధనావళు లేర్పడెను. కఱవుల నిమిత్తము ఏటేట ఒకటిన్నర కోటి రూపాయలు కేటాయించు పద్ధతి వచ్చెను. అయితే ఆ సొమ్ము ఇతర వ్యయములకు మరలుచున్నదని భారతీయ నాయకులు నిందింపక తప్పలేదు.

నిబంధనావళి మేలైనదే. కాని దానిలో నొక లోప ముండెను. కఱవు వచ్చినదని ప్రభుత్వము ప్రకటించినప్పుడే అది అమలులోనికి వచ్చును. 1943లో బంగాళమున లక్షలకొలది ప్రజలు చచ్చుచున్నను కఱవు వచ్చినదని ప్రకటింపబడలేదు. విధి పుస్తకములో నున్నది. దానిని తెఱచు అధికారము మాత్రము విధిని తప్పించుకొనగోరువాని చేతిలోనే యుండెను.

శేషజీవితము

బొంబాయిలో టెంపుల్ 1880 వఱకు గవర్నరుగా నుండి, పార్లమెంటు సభ్యత్వమునకు పోటీ చేయుటకై ఆ పదవిని విడిచి స్వదేశమునకు పోయెను. ఆ యెన్నికలో ఓడిపోయెను. 1885లో గెలిచి పదియేండ్లు కామన్సు సభలో నుండెను. లండను పాఠశాలల బోర్డునకు ఉపాధ్యక్షుడుగా పనిచేసెను. ఇండియాను గూర్చియు, తన కాలపు మనుష్యులను గూర్చియు, తన జీవితమును గూర్చియు గ్రంథములు వ్రాసెను. నీటిరంగులతో ప్రకృతిచిత్రములు వ్రాయుట ఆయనకు జీవితాంతము ప్రియమైన వ్యాపకము. 1902 మార్చి 15వ తేదీన లండను సమీపమున హాంప్‌స్టెడ్‌లో మరణించెను.

ఆయన క్రూరుడా? అట్లయినచో 1874 నాటి బీహారునకు సమాధానము లేదు. దయాళువా? అట్లయినచో 1877 నాటి బళ్లారికి సమాధానము లేదు. మనుష్యు డొక్కడే, ఉత్తరువులు మారెను. పై అధికారి రక్షింపుమన్నప్పుడు అతిశ్రద్ధతో రక్షించెను. పొదుపు చేయుమన్నప్పుడు అంతే శ్రద్ధతో పొదుపు చేసెను. సమర్థుడైన సేవకుని చరిత్రలో నుండు విషాద మిది. పేదవాని కూడు అధికారి సుగుణముపై ఆధారపడినంతకాలము, ఆ యధికారి పదవీభయముపై కూడ ఆధారపడియే యుండును. ఈ జీవితము నేర్పు ముఖ్యపాఠ మిదియే.

అనంతర కాలము

స్వతంత్ర భారతమున ఈ పాఠము నెమ్మదిగా శాసనములలోనికి ప్రవేశించెను. 1972–73 నాటి మహారాష్ట్ర అనావృష్టిలో పుట్టిన ఉపాధి హామీ పథకమునకు ఆ రాష్ట్రము 1977లో చట్టరూప మిచ్చెను. సరిగా నూఱేండ్ల క్రితము ఆ ప్రాంతములోనే పనివారు టెంపుల్ కూలిని నిరాకరించి పలుగు పాఱలు క్రింద పెట్టిరి. 2005లో పార్లమెంటు దేశమంతటికి గ్రామీణోపాధి హామీ చట్టమును చేసెను. కఱవు ప్రకటనతో దానికి నిమిత్తము లేకుండెను. అడిగినవానికి పని యీయవలెనని అది విధించెను. పని ఐదు కిలోమీటరుల లోపల నుండవలెననెను. దూరమైనచో కూలిపై పదవవంతు అదనముగా నీయవలెననెను. పదునైదు దినములలో పని చూపనిచో నిరుద్యోగభృతి చెల్లింపవలెననెను. టెంపుల్ దూరమును పరీక్షగా వాడెను; ఈ చట్టము దూరమునకు పరిహారము నిర్ణయించెను. ఈ యొక్క మార్పులో నూటముప్పది యేండ్ల చరిత్ర యిమిడియున్నది.

ఆ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లి గ్రామమున ప్రారంభింపబడెను. అనంతపురము 1882లో ప్రత్యేక జిల్లాగా విడివడినది. అంతకు ముందు అది బళ్లారి జిల్లాలోని భాగము. అనగా 1877 జనవరిలో టెంపుల్ చూచి, పనివారు ఎక్కువైరని లెక్కకట్టిన జిల్లాలోనిదే ఈ నేల. దీనిని యోజించి చేసిరో, యాదృచ్ఛికముగా జరిగెనో చెప్పవలసిన పనిలేదు. ధాత కఱవును చవిచూచిన సీమ పనిహక్కునకు తొలివాకిలి యగుట చరిత్ర తెలిసినవారికి స్మరణీయమైన విషయము.

ఇక రెండవ భాగము మిగిలినది. పని చేయలేనివాని మాట ఏమి? 1877లో కరణము పట్టిక ననుసరించి పంచిన రొక్కమునకును, 1995లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన వృద్ధాప్యపు పింఛనునకును బంధుత్వ మున్నది. 2016–17 ఆర్థిక సర్వేక్షణములో ప్రతి పౌరునకు కనీసాదాయము నిచ్చు ఆలోచనయే ఒక అధ్యాయముగా చర్చింపబడెను. పని యిచ్చి పోషింపవలెనా, రొక్క మిచ్చి పోషింపవలెనా యను వాదము ఇప్పటిది కాదు. బకింగ్‌హామ్ ప్రభుత్వము రెండును కావలెనని ఆపదలో గ్రహించెను. 1880 నివేదిక రెండింటిని జంటగా నిలిపెను. పని మాత్రమే చూపినచో నడవలేనివాడు చచ్చును. రొక్కము మాత్రమే పంచినచో పట్టిక వ్రాయువాని దయ మిగులును. చెఱువులు, కాలువలు మిగులవు. ఏ మార్గము నవలంబించినను, కొలత సరిగా లేనిచో ఫలము లేదు. దానిని ఖజానాను చూచి గాక మనుష్యదేహమును చూచి నిర్ణయింపవలెను. కార్నిష్ చెప్పిన ఈ చిన్నమాటను ఎవ్వరును ఖండింపలేకపోయిరి. పాటించుట మాత్రము ప్రతి తరమునకును కష్టముగనే యున్నది.

గోండీ పాటలను నశింపకుండ కాపాడిన చేయియు, కూలివాని పావుశేరును కోసిన చేయియు ఒక్కటియే. చరిత్రకారుడు ఈ రెండింటిలో దేనిని మఱువరాదు. టెంపుల్ పేరు మన పల్లెల జ్ఞాపకములో లేదు. ధాత పేరు మాత్రమే యున్నది. జనులు కఱవునకు వానలు తప్పిన సంవత్సరము పేరు పెట్టిరి. మనుష్యులు చేసిన భాగమును వెదకి, దానికి సరియైన పేరు పెట్టుట పరిశోధకుని పని.